అమ్మాయి జావా పాఠం, మా సర్ఫ్ పాఠం

నిరుడు చలికాలంలో ఇషా నమాజు ముగించి మేము ఇల్లు చేరేసరికి లోపలి గదిలోనుండి మా రెండవ కుమార్తె కంఠం వినవచ్చేది. ఒకే వాక్యాన్ని ముందుకూ వెనకకూ ఊగుతూ వల్లిస్తూ ఉండేది. ఊగుతూ వల్లించడం మదరసా గోడల నడుమ మాకు ముప్పై ఏళ్ళుగా పరిచితమైన దృశ్యమే. అయితే ఆమె ఒడిలో ఉన్నది ధార్మిక గ్రంథం కాదు, బి.ఎస్సీ. కంప్యూటర్స్ నోటు పుస్తకం. క్లాస్ అనేది ఆబ్జెక్టులకు నమూనా అని చెప్పే ఇంగ్లీషు వాక్యం అది. నాలుగు రాత్రులు విన్నాము. అయిదవ రాత్రి గుమ్మం దగ్గర నిలబడి, "బేటీ, దీని భావమేమిటి?" అని అడిగాము. ఆమె తల దించుకుని, "తెలియదు అబ్బా. పరీక్షలో ఇదే అడుగుతారట" అన్నది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. అమ్మాయి మీద కోపంతో కాదు. అదే జవాబును మా ఎదుట కూర్చుని ఎందరు పిల్లలు ఎన్నిసార్లు చెప్పి ఉంటారో, మేము ఎన్నిసార్లు తల ఊపి తరువాతి పుటకు వెళ్ళి ఉంటామో గుర్తుకు వచ్చింది.

మా నివాసం ఎమ్మిగనూరు. అమ్మాయి కళాశాల ఆదోనిలో. సుమారు 30 కిలోమీటర్ల దూరం. ఉదయం బస్సులో నిలబడి వెళ్ళి, సాయంత్రం నిలబడే తిరిగి వస్తుంది. పత్తి సీజనులో ఆదోని మార్కెట్టుకు పోయే బండ్లు, లారీలు దారి పొడవునా నిండి ఉండటంతో ఆ ప్రయాణం ఒక్కొక్కనాడు రెట్టింపు కాలం పడుతుంది. మా వంశంలో డిగ్రీ వరకు వచ్చిన మొదటి ఆడపిల్ల ఆమె. పదవ తరగతి వరకు ఉర్దూ మాధ్యమం. మన రాష్ట్రంలో డిగ్రీ చదువు 2021-22 విద్యా సంవత్సరం నుండి ఇంగ్లీషు మాధ్యమానికి మారింది గనుక ఆమె అడుగు పెట్టింది నేరుగా ఇంగ్లీషులోకి. ఆ మీదట కంప్యూటరు భాష. ఒక పరాయి భాషను మరొక పరాయి భాషలో నేర్చుకోవడమన్నమాట.

ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ అనే ఆ పేపరు మొదటిసారి తప్పింది. ఫలితం తెలిసిన వారంలోనే రాయచూరు వైపు నుండి ఒక సంబంధం వచ్చింది. మా అమ్మగారు, "చదివినది చాలు, అల్లాహ్ దారి చూపించాడు" అన్నారు. మేము పైకి ఏమీ అనలేదు గాని, మనస్సులో సగం ఆ వైపే మొగ్గిన మాట వాస్తవం. ఈ పత్రికలో ఆడపిల్లల విద్యను గురించి రెండుసార్లు వ్యాసాలు రాసిన మనిషిమి. రాయడం సులభం.

ఏమైనా, నిర్ణయం తీసుకునే ముందు ఆ పాఠమేమిటో మేము స్వయంగా చూడదలచుకున్నాము. కళాశాలకు వెళ్ళి అధ్యాపకుని కలిశాము. మంచి యువకుడు. "మౌలానా గారూ, ప్రయోగశాలలో ఒక్కో కంప్యూటరు ముందు ముగ్గురు కూర్చుంటారు. సెమిస్టరులో పాఠ్యప్రణాళిక ముగించాలి. అందుచేత నోట్సు చెప్పించక తప్పడం లేదు" అన్నాడు. ఆయనను నిందించలేము. ముగ్గురిలో కీబోర్డు ఎవరి చేతిలో ఉంటుందో, మా అమ్మాయి ఎక్కడ కూర్చునేదో అడగకుండానే తెలిసింది. తిరుగు ప్రయాణంలో ఒక పాత ల్యాప్‌టాప్ కొన్నాము. జావాకు రుసుము లేదు. ఓపెన్ జేడీకే అనే రూపంలో ఎవరైనా ఉచితంగా తెచ్చుకోవచ్చును, పాత యంత్రం మీద కూడ నడుస్తుంది.

మరునాటి నుండి ఇషా తరువాత ఒక గంట ఆమె మాకు ఉస్తాద్, మేము షాగిర్దులం.

ఆమె నోటు పుస్తకంలో చరిత్ర అన్న శీర్షిక కింద రెండే పంక్తులు ఉన్నాయి. మేము మరి కొంత చదివి తెలుసుకున్నాము. ఈ ఆలోచన 1960లలో నార్వే రాజధాని ఓస్లోలో పుట్టింది. ఓలె యోహాన్ డాల్, క్రిస్టెన్ నీగార్డ్ అనే ఇద్దరు, లోకంలో జరిగే పనులను యంత్రంలో అనుకరించి చూడటానికి సిములా అనే భాషను తయారు చేశారు. వరుసలో వేచి ఉండే వాహనం, కౌంటరు వద్దకు వచ్చే మనిషి, వీటిలో ప్రతిదానికీ తనదైన స్థితి, తనదైన నడవడి ఉంటాయి. వాటిని విడివిడి అంకెలుగా చెదరగొట్టక, ఒక్కొక్కదాన్ని ఒక్కొక్క వస్తువుగానే ఉంచుదామన్నది వారి యోచన. 1967 నాటి సిములాలో క్లాస్, ఆబ్జెక్ట్ అన్న భావనలు స్పష్టంగా రూపుకట్టాయి. వారిద్దరికీ 2001 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం దక్కింది, ఇద్దరూ 2002లోనే మరణించారు. ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అన్న మాటను వాడుకలోకి తెచ్చినవాడు అమెరికాకు చెందిన ఆలన్ కే. జీవశాస్త్రం చదివినవాడు గనుక, శరీరంలోని కణాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకున్నట్లు ప్రోగ్రాములోని వస్తువులూ పంపుకోవాలని భావించాడు. జావాను జేమ్స్ గోస్లింగ్ బృందం సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో 1991లో ప్రారంభించి, మొదట ఓక్ అని పేరు పెట్టి, 1995లో నేటి పేరుతో విడుదల చేసింది.

ఇదంతా విని అమ్మాయి, "బాగుంది అబ్బా, కాని క్లాస్ అంటే ఏమిటో ఇంకా తెలియలేదు" అన్నది.

అప్పుడు మాకు మా విద్యే గుర్తుకు వచ్చింది. అరబీ వ్యాకరణంలో పదాల రూపాలను గురించి చెప్పే శాస్త్రాన్ని సర్ఫ్ అంటారు. అందులో పదానికి ప్రాణం మూడు మూలాక్షరాలు, దేహం వజన్ అనబడే అచ్చు. కాఫ్, తే, బే అనే మూడు అక్షరాలను ఫాయిల్ అన్న అచ్చులో పోస్తే కాతిబ్, అనగా రాసేవాడు. మఫ్‌ఊల్ అన్న అచ్చులో పోస్తే మక్తూబ్, అనగా రాయబడినది. మన పెద్దలు ఉత్తరాన్ని మక్తూబ్ అనే పిలిచేవారు. అదే అచ్చులో వేరే అక్షరాలు పోస్తే మజ్లూమ్, మాలూమ్ అన్న మాటలు పుట్టుకొస్తాయి. వజన్‌ను ఎవరూ నోటితో పలికి వాడుకోరు. దానినుండి పుట్టిన మాటలను వాడుకుంటారు. పదేళ్ళ వయస్సులో ఆమె ఈ పాఠం మా వద్దనే చదివింది. కాగితం మీద అదంతా తిరిగి రాసి చూపాము.

ఆమె కొంతసేపు ఆ కాగితాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ మీదట మా చేతిలోని కలం తీసుకుని, "వజన్ క్లాస్ అయితే, అందులోనుండి పుట్టిన మాట ఆబ్జెక్ట్. ఈ మూడు అక్షరాలు కన్‌స్ట్రక్టరుకు అందించే విలువలు" అని మూడు బాణపు గుర్తులు గీసింది. కన్‌స్ట్రక్టర్ అన్న మాట మేము అంతవరకు వినలేదు. క్లాస్ నుండి కొత్త ఆబ్జెక్ట్ పుట్టేటప్పుడు దానికి మొదటి విలువలను పోసే భాగమట. పోలిక ఎక్కడ కుంటుతుందో కూడ ఆమే చెప్పింది. కాతిబ్ అన్న మాట పుట్టిన తరువాత మారదు. ఆబ్జెక్ట్ మారుతుంది, తనలోని వివరాలను నేడొక రకంగా, రేపొక రకంగా నిలుపుకుంటుంది. "మీ విద్యార్థి నేడు 10వ పుటలో ఉంటాడు, రేపు 11లో ఉంటాడు కదా!" అన్నది.

విద్యార్థి అన్న ఆ మాటతోనే అసలు పని మొదలైంది. మా మదరసా హాజరు పట్టికను ప్రోగ్రాముగా రాద్దామని ఆమె నిశ్చయించింది. విద్యార్థి అనేది క్లాస్. పేరు, తండ్రి పేరు, పాఠం ఎంతవరకు వచ్చింది, చెల్లించవలసిన రుసుము ఎంత అన్నవి అందులోని వివరాలు. మా వద్ద ఉన్న 70 మంది పిల్లలు 70 ఆబ్జెక్టులు.

మొదటి రాత్రి అయిదు పంక్తులకే యంత్రం మొరాయించింది. పబ్లిక్ అని ప్రకటించిన క్లాసుకు ఏ పేరు ఉంటుందో ఫైలుకూ అదే పేరు ఉండాలట. పెద్ద అక్షరానికి బదులు చిన్న అక్షరం పడినా ఒప్పుకోదు. అమ్మాయి విసిగిపోయింది. మాకు మాత్రం ఆ యంత్రం మీద గౌరవం కలిగింది. ఖుర్ఆన్ పఠనంలో ఖాఫ్‌ను కాఫ్‌గా పలికితే హృదయమనే మాట కుక్క అనే అర్థానికి మారిపోతుందని పిల్లలకు ఎన్నేళ్ళుగా చెబుతున్నాము! తజ్వీద్ నేర్చినవారికి కంపైలర్ కోపం వింతగా తోచదు.

పది రోజులకు వారసత్వం అన్న అధ్యాయానికి వచ్చాము. మా మదరసాలో చూసి చదివే నాజిరా పిల్లలు వేరు, కంఠస్థం చేసే హిఫ్జ్ పిల్లలు వేరు. ఉమ్మడి వివరాలన్నీ విద్యార్థి అన్న మాతృ క్లాసులో ఉంచి, ఆ రెండు రకాలనూ దాని సంతానంగా రాసింది. ఇద్దరినీ "నేటి పాఠమేమిటి?" అని ఒకే మాటతో అడగవచ్చును. నాజిరా విద్యార్థి పుట సంఖ్య చెబుతాడు. హిఫ్జ్ విద్యార్థి సబఖ్, సబ్ఖీ, మంజిల్ అని మూడు జవాబులు చెబుతాడు. అనగా కొత్త పాఠం, ఇటీవలి పాఠం, పాత పాఠం. ఒకే ప్రశ్నకు ఎవరి తీరున వారు బదులివ్వడాన్ని పాలిమార్ఫిజం అంటారట. ఆ పదానికి నోటు పుస్తకంలో ఉన్న నిర్వచనాన్ని ఆమె అంతకు మునుపు ఇరవైసార్లు వల్లించి ఉంటుంది.

వారసత్వం అన్న పేరు విషయంలో మాకొక అభ్యంతరం ఉన్నది. మన శాస్త్రంలో ఇచ్చేవాడు మరణిస్తేనే వారసత్వం. ఇక్కడ తల్లి సజీవంగా ఉండగానే పిల్లలు పంచుకుంటారు, తల్లికి తరుగూ లేదు. పైగా జావాలో ఒక క్లాసుకు ఒకే మాతృ క్లాస్. సీ ప్లస్ ప్లస్‌లో అయితే ఎన్నైనా ఉండవచ్చునట. ఈ సందర్భంలోనే ఒక సంగతి చెప్పవలసి ఉన్నది. అల్గారిదం అన్న మాట 9వ శతాబ్దపు బగ్దాదు పండితుడు అల్ ఖ్వారిజ్మీ పేరునుండి వచ్చిందని మన సభలలో తరచు వింటాము, విని మురిసిపోతాము. ఆయన బీజగణిత గ్రంథంలో పెద్ద భాగం ఆస్తి పంపకాల లెక్కలే అన్న సంగతి మాత్రం ఎక్కువమంది చెప్పరు. ఇంటింటా తగవులు తెచ్చే వాటాలను సరిగా తేల్చడానికి ఆయన ఆ లెక్కలు చేశాడు. ఆయన పేరు చెప్పి మురిసిన సభలోని పిల్లలలో ఎందరికి ఒక్క వాటా లెక్క వచ్చునో మేము అడగదలచలేదు. మా మదరసాలో అడిగితే మేమే సిగ్గుపడవలసి వస్తుంది.

రుసుము విషయం మిగిలింది. మా పాత రిజిస్టరులో రుసుము మాఫీ అయిన పిల్లల పేర్ల పక్కన ఎర్ర సిరాతో గుర్తు పెట్టేవారము. వలస పోయిన కూలీల పిల్లలు, మగ్గం పని ఆగిపోయిన ఇళ్ళ పిల్లలు వారు. రిజిస్టరు బల్ల మీదనే ఉంటుంది, ఎవరైనా తెరుస్తారు. రెండేళ్ళ క్రితం ఒక బాలుణ్ణి తోటివారు "లాల్ నిషాన్" అని పిలిచి ఏడిపించారు. వాడు మరి రాలేదు. తండ్రి గుంటూరు వైపు మిరప కోతలకు వెళ్ళినందున మానేశాడని మేము రిజిస్టరులో రాసుకున్నాము. వాడు మానేసిన కారణం అది కాదు.

ఈ సంగతి అమ్మాయికి తెలుసునని మాకు తెలియదు. రుసుము అన్న వివరానికి ముందు ప్రైవేట్ అన్న మాట చేర్చి, "ఇప్పుడు దీనిని బయటినుండి ఎవరూ తెరిచి చూడలేరు అబ్బా. అడగడానికి మనం ఏ దారి రాస్తే ఆ దారినే అడగాలి. ఈ నెల ఎంత కట్టాలని ఆ తండ్రి అడిగితే ఆయనకు చెబుతుంది, అంతే" అన్నది. దీని పేరు ఎన్‌క్యాప్సులేషన్. అధ్యాపకుడు చెప్పించిన నోట్సులో మాత్రలోని మందు అన్న పోలిక ఉన్నది. మాకు ఎర్ర సిరా చాలును.

పాఠక తల్లిదండ్రులలో ఇటువంటి స్థితిలో ఉన్నవారికి రెండు మాటలు చెబుతాము. ఇంటి వద్ద పాఠాలు వినదలచినవారికి 2017లో ప్రారంభమైన కేంద్ర ప్రభుత్వ స్వయం వేదికలో ఐఐటీ ఆచార్యుల జావా పాఠాలు ఉన్నాయి. వినడం ఉచితం, ధ్రువపత్రపు పరీక్షకు మాత్రమే రుసుము. అవి ఇంగ్లీషులో ఉంటాయి గనుక ఆపి ఆపి వినవలసి ఉంటుంది. ఉర్దూ మాధ్యమం నుండి వచ్చిన పిల్లలకు హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయంలో కంప్యూటరు కోర్సులు ఉన్నాయి. ఇక పేపరు తప్పిన బిడ్డను "ఎందుకు తప్పావు?" అని అడిగే ముందు, "కీబోర్డు నీ చేతికి ఎన్నిసార్లు వచ్చింది?" అని అడిగి చూడండి.

తప్పిన పేపరును ఆమె మళ్ళీ రాసింది. 52 మార్కులు వచ్చాయి. రాయచూరు వారికి డిగ్రీ పూర్తయ్యేవరకు ఆగమని కబురు పంపాము. ఇంతవరకు వారినుండి జవాబు లేదు. మా అమ్మగారు ఆ ప్రస్తావన వచ్చినప్పుడల్లా తస్బీహ్ వేగంగా తిప్పుతారు.

రమజాను ముందు మదరసా కమిటీ పెద్ద ఒకరు మా ఇంటికి వచ్చారు. కొత్త రిజిస్టరు చూసి సంతోషించి, దాతలకు చూపించడానికి రుసుము మాఫీ అయిన పిల్లల పేర్ల జాబితా కావాలన్నారు. పరదా వెనుకనుండి అమ్మాయి, "చాచా, ఎంతమందో సంఖ్య చెబుతుంది. పేర్లు చెప్పే దారి అందులో రాయలేదు" అన్నది. ఆయన మా వైపు చూశారు. మేము టీ తెమ్మని లోపలికి కేక వేసి, బల్ల మీది పాత రిజిస్టరును తీసి పెట్టెలో పెట్టి తాళం వేశాము.