వాన రాకడ తెలిసేదెలా?

“వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికెరుక?” అన్నది మన పెద్దల మాట. ఈ రెండింటికీ ఎంత దగ్గర సంబంధమున్నదో ఆరుబయట, ఎత్తైన ప్రదేశాలలో పనిచేసే కర్మాగార సిబ్బందికి వేరే చెప్పనక్కరలేదు.

కొన్నేళ్ళ క్రితం మే నెలలో ఒక మధ్యాహ్నం, పిడుగుల హెచ్చరిక రాగానే మా విభాగంలో క్రేను పని ఆపించి, పరంజాలపై ఉన్నవారిని కిందికి దింపారు. గంటన్నర గడిచినా ఒక్క చినుకు పడలేదు. పూట పని పోయిందని, ఈ హెచ్చరికలను నమ్మితే ఇంతేనని అందరమూ విసుక్కున్నాము. సాయంత్రం డ్యూటీ దిగి అనకాపల్లి వైపు వెళుతుండగా, కొన్ని కిలోమీటర్లు దాటేసరికి రోడ్డంతా తడిసి ఉన్నది. పొలం గట్టున ఒక తాటిచెట్టు తల కాలి ఇంకా పొగలు కక్కుతున్నది. హెచ్చరిక అబద్ధం కాలేదు. పిడుగు మా తలపై పడలేదు, అంతే.

మరి ఏ ఊరిలో పడుతుందో ముందే ఎందుకు చెప్పలేరు? ఇందుకు సమాధానం మేఘం పుట్టుకలోనే ఉన్నది.

ఎండకు నేల వేడెక్కినపుడు దానిని ఆనుకున్న గాలి కూడా వేడెక్కి, తేలికై పైకి లేస్తుంది. ఎత్తుకు పోయేకొద్దీ వాయుపీడనం తగ్గుతుంది కనుక ఆ గాలి వ్యాకోచించి, కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల సెల్సియస్ చొప్పున చల్లబడుతుంది. ఒక దశలో అది తనలోని నీటి ఆవిరిని ఇక మోయలేదు. అప్పుడు ఆ ఆవిరి గాలిలోని ఉప్పు, ధూళి, పొగ కణాలను ఆశ్రయించి సూక్ష్మ బిందువులుగా మారుతుంది. అదే మేఘం. గాలి ఉష్ణోగ్రతకు, అందులోని ఆవిరి మంచుబిందువుగా మారే ఉష్ణోగ్రతకు మధ్య ఉన్న ప్రతి డిగ్రీ తేడాకు సుమారు 125 మీటర్ల ఎత్తు లెక్క. మొదటిది 36, రెండవది 26 డిగ్రీలైతే మేఘపు అడుగుభాగం సుమారు 1,250 మీటర్ల వద్ద ఏర్పడుతుంది. పైన దూదికుప్పలా ఉన్న మేఘం అడుగున చదునుగా ఎందుకుంటుందో దీనినిబట్టి గ్రహించవచ్చు.

ఆవిరి నీరుగా మారేటపుడు గుప్తోష్ణం విడుదలవుతుంది. అది గాలిని మరింత పైకి తోస్తుంది. తగినంత తేమ, అస్థిరత ఉంటే ఆ మేఘం 12 నుండి 15 కిలోమీటర్ల ఎత్తుకు పెరిగి క్యుములోనింబస్ మేఘమవుతుంది. పైభాగాన మంచు కణాలు, వడగళ్ళు పరస్పరం ఢీకొనడంవల్ల విద్యుదావేశం పోగై, పిడుగుగా వెలువడుతుంది.

2014 అక్టోబరు 12న విశాఖపట్నం వద్ద తీరం దాటిన హుద్‌హుద్ తుపాను వందల కిలోమీటర్ల మేర విస్తరించిన వ్యవస్థ. కనుకనే దాని రాకను కొన్ని రోజుల ముందుగానే చెప్పగలిగారు. వేసవి ఉరుముల మేఘం వెడల్పు కొద్ది కిలోమీటర్లు, ఆయుష్షు దాదాపు ఒక గంట. తూర్పు కనుమలపై మధ్యాహ్నం పుట్టే మేఘం సాయంత్రానికి తీరానికి చేరవచ్చు, దారిలోనే కరిగిపోనూవచ్చు. అందుకే వాతావరణ శాఖ ఎంతో ఆచితూచి మాట్లాడుతుంది. “ఒకటి రెండు చోట్ల” అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాలలో నాలుగో వంతుకు మించకుండా వాన పడవచ్చునని అర్థం. “కొన్ని చోట్ల” అంటే సగం వరకు. ఈ మాటల విలువ తెలియకనే మనం సూచన తప్పిందని అంటూ ఉంటాము.

ముందురోజు సూచనతోపాటు, రాబోయే మూడు గంటలకు వెలువడే తక్షణ సూచనను కూడా గమనించాలి. డాప్లర్ రాడార్లు ఎదుగుతున్న మేఘాన్ని పట్టి చూపుతాయి. పసుపు రంగు గమనించమని, నారింజ రంగు సిద్ధంగా ఉండమని, ఎరుపు రంగు వెంటనే చర్య తీసుకోమని చెబుతాయి. పుణేలోని భారతీయ ఉష్ణమండల వాతావరణ విజ్ఞాన సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ చుట్టుపక్కల పడుతున్న పిడుగులను సెల్‌ఫోనులోనే తెలుపుతుంది.

ఇవేవీ అందుబాటులో లేనపుడు మన కళ్ళు, చెవులు ఉండనే ఉన్నాయి. మెరుపు కనిపించిన క్షణం నుండి ఉరుము వినిపించేవరకు సెకన్లు లెక్కపెట్టండి. ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. ముప్పై సెకన్లలోపే ఉరుము వినిపిస్తే ముప్పు పది కిలోమీటర్లలోపు ఉన్నట్లే. వెంటనే ఎత్తు నుండి దిగి పక్కా భవనంలోకి చేరండి. చెట్టు కింద నిలబడవద్దు. చివరి ఉరుము వినిపించిన తరువాత కనీసం ముప్పై నిమిషాలు ఆగండి. వాన కురవని చోట సైతం పిడుగు పడగలదు.

నాలుగుసార్లు వానరాని హెచ్చరికలు విన్నవాడు అయిదవసారి పరంజా దిగడానికి బద్ధకిస్తాడు. అసలు ప్రమాదమంతా అక్కడే ఉన్నది. వాన రాకడ నేడు కొంతవరకైనా తెలుస్తున్నది. వృథా అయిందనుకున్న ఆ గంటన్నరలో మా వాళ్ళందరూ నేలమీద క్షేమంగా ఉన్నారు. ఆ పూట జరిగిన అసలు పని అదే.