పేరడుగని సభ

బెల్జియము రాజధాని బ్రసెల్సులో ఏటేటా శీతకాలమున రెండు దినములు ఫోస్డెమ్ అను సభ జరుగును. కంప్యూటరు ప్రోగ్రాముల మూలమును దాచక, చదివి దిద్దుకొనుడని లోకమునకు విడిచిపెట్టువారి సభ యిది. ప్రవేశ రుసుము లేదు, పేరైనను అడుగరు. అందుచేత వేలమంది వచ్చినను, సరిగా ఎందరు వచ్చిరో నిర్వాహకులకే తెలియదు. గది నిండినచో ఎంతటి పండితుడైనను గుమ్మము వెలుపల నిలువవలసినదే.

దీనిని నెలకొల్పిన రఫాయెల్ బోదుయిన్, ప్రోగ్రాములు వ్రాయుటకు తగిన ప్రజ్ఞ తనకు లేదని తలచి, వ్రాయువారిని ఒకచోట చేర్చుటయే తన వంతు సేవగా నెంచినాడట. వెనుకబల్ల విద్యార్థులకు ఈ ముచ్చట తప్పక చెప్పదగినది! 2001లో జరిగిన తొలి సభ పేరు ఓస్డెమ్. రిచర్డ్ స్టాల్‌మన్ కోరికపై, స్వేచ్ఛకు గుర్తుగా 'ఎఫ్' అను ఆంగ్లాక్షరము పిమ్మట ముందు చేరినది.

ఉపన్యాసములను చిత్రించువారు, దారి చూపువారు, ఆదివారము సాయంకాలము గదులు ఊడ్చువారు, అందరును జీతము లేని సేవకులే.