కొత్త ప్రొటీన్‌కు పేటెంట్: ఉపయోగాన్ని ఎలా చూపాలి?

నూతనత్వం, కల్పనాత్మకత ఉన్నంత మాత్రాన పేటెంట్ రాదని, ఆవిష్కరణ పారిశ్రామిక వినియోగానికి పనికిరావాలని మీకు తెలుసు. నీటి పంపు విషయంలో ఈ మూడో షరతుతో చిక్కేమీ లేదు. చూడగానే ఉపయోగం తెలిసిపోతుంది. ప్రొటీన్ సంగతి అలా కాదు. దాని అమైనో ఆమ్లాల వరుస మొత్తం తెలిసినా, శరీరంలో అది ఏం చేస్తుందో తెలియకపోవచ్చు.

హ్యూమన్ జీనోమ్ సైన్సెస్ అనే అమెరికా కంపెనీ ఉదంతం చూడండి. జన్యు క్రమాలను కంప్యూటర్‌లో పోల్చి చూస్తూ ఆ కంపెనీ ఒక కొత్త ప్రొటీన్‌ను గుర్తించింది. దానికి న్యూట్రోకైన్-ఆల్ఫా అని పేరు పెట్టి 1996లో దరఖాస్తు చేసింది. నిర్మాణాన్ని బట్టి అది టి.ఎన్.ఎఫ్. కుటుంబానికి చెందినదని, ఏయే కణజాలాల్లో కనిపిస్తుందో కూడా దరఖాస్తులో రాసింది. నయం చేయగల జబ్బులంటూ పెద్ద జాబితా ఇచ్చింది. కానీ ఆ ప్రొటీన్ చేసే పనిని నిరూపించే ప్రయోగ ఫలితాలు అందులో లేవు.

అదే ప్రొటీన్‌ను అడ్డుకునే ప్రతిరక్షకంపై పనిచేస్తున్న ఎలి లిల్లీ కంపెనీ ఆ పేటెంట్‌ను సవాలు చేసింది. ఆ జాబితా ఊహాగానమేనంటూ లండన్ హైకోర్టు 2008లో పేటెంట్ చెల్లదంది. 2010లో అప్పీలు కోర్టూ అదే మాట చెప్పింది. ఈలోగా 2009లో యూరోపియన్ పేటెంట్ కార్యాలయపు అప్పీళ్ల మండలి మాత్రం చెల్లుతుందని తేల్చింది. చివరకు 2011 నవంబరులో బ్రిటన్ సుప్రీంకోర్టు కంపెనీ వైపు మొగ్గింది. ఎందుకు? ఆ కుటుంబంలో అప్పటికి తెలిసిన ప్రొటీన్లన్నీ రోగనిరోధక వ్యవస్థలోని టి-కణాలపై పనిచేసేవే. కొత్తది కూడా అలాగే పనిచేస్తుందని నిపుణుడు నమ్మడానికి అది తగిన ఆధారమని కోర్టు భావించింది.

ఇక్కడ తేదీని మరువకండి. ఈ ప్రొటీన్ బి-కణాలను బతికించి ఉంచుతుందని తరువాతి పరిశోధనల్లో తేలింది. దాన్ని అడ్డుకునే బెలిముమాబ్ అనే మందుకు 2011 మార్చిలో అమెరికాలో లూపస్ చికిత్స కోసం అనుమతి లభించింది. అయినా కేసును నిలబెట్టింది ఆ విజయం కాదు. దరఖాస్తు నాడు రాసిన దాన్ని బట్టే ఉపయోగం నమ్మదగినదిగా ఉండాలి. తరువాతి ఆధారాలు దాన్ని బలపరచగలవే గాని, లేనిదాన్ని పుట్టించలేవు.

ఇంత ఉదారత అన్నిచోట్లా దొరకదు. మొక్కజొన్న జన్యువుల ఐదు తునకలపై దాఖలైన దరఖాస్తును 2005లో అమెరికా ఫెడరల్ సర్క్యూట్ కోర్టు తిరస్కరించింది. జన్యువులను వెతకడానికి పనికొస్తాయనడం ఏ తునకకైనా వర్తించే మాటేనని, దీనికంటూ ప్రత్యేక ఉపయోగం చూపలేదని చెప్పింది. గీత ఎక్కడ గీయాలన్నది నిజంగానే కష్టమైన విషయం. ప్రమాణం మరీ కఠినమైతే, మందు తయారయ్యేదాకా పెట్టుబడి పెట్టేవారు దొరకరు. మరీ సులువైతే, పేరు మాత్రం నమోదు చేసుకున్నవాడు అసలు శ్రమ చేసేవారి దారికి అడ్డం కూర్చుంటాడు.

భారతదేశంలో ఇంకో అడ్డంకి ముందే ఎదురవుతుంది. 1970 పేటెంట్ల చట్టం సెక్షన్ 3(సి) ప్రకారం, ప్రకృతిలో ఉన్న పదార్థాన్ని కనుగొనడం ఆవిష్కరణ కాదు. దాన్ని దాటినవారే పారిశ్రామిక వినియోగం అనే పరీక్షకు వస్తారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: 1996 నాటికి టి.ఎన్.ఎఫ్. కుటుంబ ప్రొటీన్ల పని గురించి ఎవరికీ ఏమీ తెలియదనుకోండి. అప్పుడు బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు ఎలా ఉండేది? కారణాలతో ఐదు వాక్యాల్లో రాయండి.