టాలీ నుంచి చెక్కు ప్రింట్ చెయ్యడం ఎలా? మా బాబాయ్ ఆఫీసులో నేను చేసిన తప్పుతో సహా

 

పోయిన వారం ఇబ్రహీంపట్నంలో ఒక ఆఫీసులో అకౌంట్స్‌లో కొత్తగా చేరిన తమ్ముడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, మా ఓనర్ నెలకి నలభై చెక్కులు నా చేత చేత్తో రాయిస్తున్నాడు. టాలీ నుంచి డైరెక్టుగా ప్రింట్ కొట్టొచ్చంట కదా, ఎలాగో చెప్పవా?" అన్నాడు. చెప్తాను. కానీ ఎలా ప్రింట్ చెయ్యాలో చెప్పి వదిలేస్తే సగమే చెప్పినట్టు. ఆ సగమే తెలిసి నేను మా బాబాయ్ ఆఫీసులో ఒక పని చేశాను. దాని వల్ల ఇరవై ఏళ్ల స్నేహం తెగిపోయేంత వరకు వచ్చింది. అది కూడా చెప్తాను.

ముందు ఒక డౌట్ క్లియర్ చేద్దాం. మనందరికీ యూపీఐ అలవాటు. ఇంకా చెక్కులేంటి అనుకుంటారు. మా కొండపల్లి ఇండస్ట్రియల్ ఏరియాలో ఏ చిన్న యూనిట్‌కైనా వెళ్లి చూడండి, టేబుల్ సొరుగులో చెక్‌బుక్ ఉంటుంది. సరుకు ఇప్పుడు తీసుకుని, డబ్బు నెలాఖరుకి ఇచ్చే వ్యాపారాలు ఇవి. ఆ నెలాఖరు తేదీ వేసి చెక్కు ఇస్తే, ఎదుటివాళ్లకి చేతిలో ఒక కాగితం ఉన్న ధైర్యం. ఆ ధైర్యాన్ని యూపీఐ ఇవ్వలేదు.

ఖాళీ పేపర్ మీద ప్రింట్ చెయ్యొచ్చా?

మా కజిన్ డాలస్‌లో ఉంటాడు. వాడు అక్కడ ఖాళీ చెక్ పేపర్ కొనుక్కుని, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి అకౌంట్ నంబర్‌తో సహా మొత్తం చెక్కుని ఆఫీసు ప్రింటర్ మీదే కొట్టేస్తాడు. అమెరికాలో అది మామూలే. యూట్యూబ్‌లో ఇంగ్లిష్ వీడియోలు చూసి మనవాళ్లు ఇక్కడా అలాగే అనుకుంటారు. మన దగ్గర అలా కుదరదు.

మన దగ్గర చెక్కు లీఫ్ బ్యాంకే ఇవ్వాలి. 2010లో వచ్చిన సీటీఎస్-2010 స్టాండర్డ్ ప్రకారం ఆ కాగితంలోనే 'సీటీఎస్ ఇండియా' అనే వాటర్‌మార్క్ ఉంటుంది, వెలుతురుకి పెట్టి చూడండి. బ్యాంకు లోగో అల్ట్రావయొలెట్ లైట్ కింద మాత్రమే కనిపించే ఇంకుతో ఉంటుంది. జిరాక్స్ తీస్తే 'వాయిడ్' అని బయటపడే డిజైన్ ఉంటుంది. అడుగున తెల్లటి పట్టీ మీద మైకర్ ఇంకుతో అంకెలుంటాయి. మొదట చెక్కు నంబర్ 6 అంకెలు. తర్వాత 9 అంకెల మైకర్ కోడ్, అందులో మొదటి మూడూ ఊరివి, విజయవాడకైతే 520. తర్వాతి మూడు బ్యాంకువి, చివరి మూడు బ్రాంచివి.

అంటే మన ప్రింటర్ చేసే పని చాలా తక్కువ. తేదీ, పేరు, అక్షరాల్లో మొత్తం, అంకెల్లో మొత్తం, పైన మూలకి 'అకౌంట్ పేయీ' క్రాసింగ్. ఇంతే. అడుగున ఉన్న తెల్లటి పట్టీ మీద చుక్క కూడా పడకూడదు. సంతకమైనా, స్టాంపైనా, ప్రింటైనా సరే.

టాలీలో సెట్టింగ్

టాలీ ప్రైమ్‌లో మీ బ్యాంకు లెడ్జర్ ఆల్టర్‌లోకి వెళ్లండి. అక్కడ చెక్ ప్రింటింగ్ కాన్ఫిగరేషన్ అని ఉంటుంది, దానికి యెస్ ఇవ్వండి. చాలా బ్యాంకుల ఫార్మాట్లు అందులో ముందే ఉంటాయి. మీది లేకపోతే కొలతలు మనమే ఇచ్చుకోవాలి. ఒక స్కేలు తీసుకుని పై అంచు నుంచి ఎంత, ఎడమ అంచు నుంచి ఎంత అని మిల్లీమీటర్లలో కొలవండి. తేదీకి ఎనిమిది గళ్లుంటాయి కాబట్టి అంకెకీ అంకెకీ మధ్య దూరం కూడా ఇవ్వాలి. అదే లెడ్జర్‌లో చెక్‌బుక్ రేంజ్, అంటే మొదటి నంబర్, చివరి నంబర్ కూడా ఎంటర్ చెయ్యండి. ఈ రేంజ్ సంగతి గుర్తుపెట్టుకోండి, మన కథంతా ఇక్కడే ఉంది.

తర్వాత మామూలుగా పేమెంట్ వోచర్ వెయ్యండి. బ్యాంక్ అలొకేషన్ స్క్రీన్‌లో చెక్కు నంబర్, తేదీ, ఎవరి పేరు మీద, క్రాసింగ్ అన్నీ అడుగుతుంది. సేవ్ చేశాక బ్యాంకింగ్ మెనూలో చెక్ ప్రింటింగ్‌కి వెళ్తే ప్రింట్ కావాల్సిన చెక్కుల లిస్టు వస్తుంది.

ఇప్పుడు ప్రింటర్. చెక్కు సుమారు 20 సెంటీమీటర్ల పొడవు, 9 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. దాన్ని మాన్యువల్ ఫీడ్ ట్రేలో, పొట్టి అంచు ముందుకి వెళ్లేలా పెట్టండి. చాలా లేజర్ ప్రింటర్లలో ట్రేలో ఉండే రెండు గైడ్లు కాగితాన్ని మధ్యకి తెస్తాయి, కొన్నిట్లో ఒక పక్కకి ఆనిస్తాయి. మీది ఏ రకమో చూసుకోకపోతే అక్షరాలన్నీ పక్కకి జరిగి పడతాయి. ప్రింట్ సెట్టింగ్‌లో 'ఫిట్ టు పేజ్' తీసేసి 100 శాతం సైజు పెట్టండి. కొలతలు ఎంత కరెక్టుగా ఇచ్చినా ఆ ఒక్క టిక్కు అన్నీ పాడుచేస్తుంది.

మొదటి ప్రింట్ ఎప్పుడూ నిజం లీఫ్ మీద కొట్టొద్దు. మామూలు తెల్ల కాగితాన్ని చెక్కు సైజుకి కత్తిరించి దాని మీద కొట్టండి. దాన్ని అసలు చెక్కు మీద పెట్టి, కిటికీ వెలుతురుకి పట్టుకుని చూడండి. అక్షరాలు గీతల మీద కూర్చున్నాయా, అంకెలు గళ్లలో పడ్డాయా అని. రెండు మూడుసార్లకి సెట్ అయిపోతుంది.

ఇంకు విషయం. ఇంక్‌జెట్‌లో మామూలు డై ఇంకు అయితే తడి చెయ్యి తగిలినా చెదిరిపోతుంది. లేజర్ టోనర్ నయం. పాత డాట్ మ్యాట్రిక్స్ ఉంటే పారెయ్యకండి. అది సూదులతో గుద్ది రిబ్బన్ ఇంకుని కాగితంలోకి దించుతుంది, చెరపడం కష్టం. ఏదైనా సరే ముదురుగా పడాలి. ఎందుకంటే ఇప్పుడు మీ చెక్కు కాగితం మీ బ్యాంకుకి వెళ్లదు. చెక్కు వేసిన బ్యాంకులోనే ఆగిపోతుంది. స్కాన్ చేసిన బొమ్మ, మైకర్ అంకెల డేటా, ఇవే మీ బ్యాంకుకి వెళ్తాయి. లేతగా పడిన అక్షరం ఆ బొమ్మలో మాయమైపోతుంది.

తప్పు పడితే దిద్దొద్దు. సీటీఎస్‌లో వెళ్లే చెక్కు మీద పేరు, మొత్తం దిద్ది పక్కన సంతకం పెట్టే పాత పద్ధతి 2010 డిసెంబర్ నుంచి చెల్లదు. తేదీ పొడిగింపుకి మాత్రమే మినహాయింపు. మిగతా ఏ తప్పైనా కొత్త లీఫ్ తియ్యాల్సిందే.

412, 413, 414

ఇప్పుడు నా కథ. బాబాయ్‌ది ఫ్లైయాష్ ఇటుకల యూనిట్. థర్మల్ స్టేషన్ పక్కనే ఉంది కాబట్టి మా వైపు ఈ యూనిట్లు చాలా ఉన్నాయి. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చిన కొత్తలో, "బీటెక్ చదివావుగా, ఈ చెక్కుల సంగతి చూడరా" అన్నాడు. ఒక్క సాయంత్రంలో సెటప్ మొత్తం చేసేశాను. అక్షరాలు ముత్యాల్లా పడుతుంటే బాబాయ్ పిన్నిని పిలిచి మరీ చూపించాడు.

మర్నాడు లారీ ఓనర్‌కి 46,500 రూపాయల చెక్కు. టాలీలో నంబర్ 412. లీఫ్ పెట్టాను, ప్రింటర్‌లో ఇరుక్కుని నలిగిపోయింది. లాగి పారేసి, తర్వాతి లీఫ్ 413 పెట్టి మళ్లీ ప్రింట్ కొట్టాను. చక్కగా వచ్చింది. బాబాయ్ సంతకం పెట్టాడు, ఇచ్చేశాం. టాలీలో మాత్రం అది 412గానే ఉండిపోయింది. తర్వాత క్వారీ డస్ట్ తోలే ఆయనకి 38,000. టాలీ వరసలో తర్వాతి నంబర్ 413 చూపించింది, నేను ఓకే కొట్టాను. నిజానికి ప్రింట్ అయింది 414 లీఫ్ మీద.

రెండ్రోజులకి డస్ట్ దిగింది, సగానికి సగం మట్టి. బాబాయ్‌కి కోపం వచ్చింది. "ఆ చెక్కు ఆపించరా" అన్నాడు. నేను టాలీ చూశాను, డస్ట్ ఆయనది 413 అని ఉంది. బ్యాంకుకి 413 స్టాప్ పేమెంట్ ఇచ్చాం.

ఏమైందో మీకు అర్థమైపోయి ఉంటుంది. డస్ట్ ఆయన చెక్కు హాయిగా పాసైపోయింది. లారీ ఓనర్ చెక్కు వెనక్కొచ్చింది, 'పేమెంట్ స్టాప్డ్ బై డ్రాయర్' అనే మెమోతో. ఆ డబ్బు ఆయన కూతురి కాలేజీ ఫీజుకి పెట్టుకున్నది.

సాయంత్రం ఆయన యూనిట్‌కి వచ్చారు. అరవలేదు. మెమో టేబుల్ మీద పెట్టి, "ఇరవై ఏళ్లు నోటి మాట మీద లోడ్లు తోలానండి. ఇవ్వడం ఇష్టం లేకపోతే ఒక్క ఫోన్ చేసి చెప్తే సరిపోయేదిగా. బ్యాంకులో నలుగురి ముందు నిలబెట్టాలా?" అన్నారు. బాబాయ్‌కి నోట మాట రాలేదు. నేను లీఫ్ కౌంటర్లూ, టాలీ స్క్రీనూ పక్కపక్కన పెట్టి చూపించి, తప్పు నాదేనని చెప్పాను. అప్పటికప్పుడు డబ్బు ఆయన అకౌంట్‌కి పంపించాం, బ్యాంకు ఛార్జీలతో సహా. ఆయన టీ తాగే వెళ్లారు. కానీ ఆ తర్వాత చాలా రోజులు లోడుకి ముందే డబ్బు అడిగారు. డస్ట్ ఆయన దగ్గర ఇరుక్కున్న డబ్బు ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

ఆయన మంచివారు కాబట్టి అక్కడితో ఆగింది. చట్టం దాకా వెళ్తే? 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ యాక్ట్‌లో సెక్షన్ 138 ఉంది. మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వొచ్చు, నోటీసు అందాక 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే కేసు. నేరం రుజువైతే రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. 'అకౌంట్లో డబ్బు ఉంది, స్టాప్ పేమెంటే కదా' అంటే కుదరదు. ఆ సందర్భంలోనూ ఈ సెక్షన్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1998లోనే చెప్పింది.

అసలు పాయింట్

మా ఊరి బొమ్మ ఎలా చేస్తారో తెలుసు కదా? తెల్ల పొణికి చెక్కతో చేతులు, తల, ఒళ్లు విడివిడిగా చెక్కి, మక్కుతో అతికిస్తారు. చెక్కు కూడా అంతే. బ్యాంకు ఇచ్చిన లీఫ్ ఒకటి, సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఎంట్రీ ఒకటి, ఓనర్ సంతకం ఒకటి. ఈ మూడింటినీ అతికించే మక్కు ఆ ఆరంకెల చెక్కు నంబర్. సాఫ్ట్‌వేర్‌కి ట్రేలో ఏ లీఫ్ ఉందో కనిపించదు. మనం చెప్పిన నంబరే నమ్ముతుంది. ఆ నంబర్ లీఫ్‌తో కలిసిందా అని చూడాల్సింది మనిషే.

అందుకే ఇప్పుడు బాబాయ్ ఆఫీసులో పద్ధతి ఇది. ప్రింట్ ఇచ్చే ముందు లీఫ్ నంబర్ పైకి చదువుతాం, స్క్రీన్ మీద ఉన్నదానితో కలిసిందా చూస్తాం. లీఫ్ పాడైతే పారెయ్యం. దాని మీద క్యాన్సిల్డ్ అని రాసి ఫైల్లో పెడతాం, టాలీలో చెక్ రిజిస్టర్‌లో ఆ నంబర్‌ని క్యాన్సిల్డ్‌గా మారుస్తాం, వోచర్‌లో కొత్త నంబర్ వేశాకే మళ్లీ ప్రింట్ ఇస్తాం. సంతకం ఎప్పుడూ ఆఖరునే. బాబాయ్ ఊరెళ్లినా సరే, ఖాళీ లీఫ్‌ల మీద ముందే సంతకాలు పెట్టి ఇవ్వడం బంద్. అంకెలకీ అక్షరాలకీ తేడా వస్తే చట్టం ప్రకారం అక్షరాల్లో ఉన్న మొత్తమే లెక్క, కాబట్టి సంతకం పెట్టే ముందు బాబాయ్ అక్షరాల లైను చదువుతాడు.

50,000, ఆపైన మొత్తాలకి ఇంకో రక్షణ ఉంది. 2021 జనవరి 1 నుంచి పాజిటివ్ పే వచ్చింది. చెక్కు నంబర్, తేదీ, పేరు, మొత్తం మనం ముందే బ్యాంకు యాప్‌లో ఇచ్చేస్తే, చెక్కు వచ్చినప్పుడు బ్యాంకు పోల్చి చూస్తుంది. నంబర్ తేడా ఉంటే అక్కడే దొరికిపోతుంది. మా రెండు చెక్కులూ 50,000 లోపువి. అందుకే ఎవరూ పట్టుకోలేదు.

ఇంకోటి. 2025 అక్టోబర్ 4 నుంచి చెక్కుల క్లియరింగ్ స్పీడ్ అయింది. బ్యాంకులు పంపిన చెక్కులకి, డబ్బు ఇవ్వాల్సిన బ్యాంకు అదే రోజు రాత్రి 7 లోపు అవునో కాదో చెప్పాలి. మునుపటిలా 'రేపు చూసి ఆపుదాంలే' అనే టైమ్ లేదు.

సో తమ్ముడూ, ప్రింట్ కొట్టు, నలభై చెక్కులు చేత్తో రాసే బాధ తప్పుతుంది. కానీ ఈ రోజు ఆఫీసుకెళ్లగానే ముందు ఒక పని చెయ్యి. చెక్‌బుక్ తీసి, పోయిన నెల కౌంటర్లన్నీ టాలీలో చెక్ రిజిస్టర్‌తో పక్కపక్కన పెట్టి చూడు. అన్నీ కలిస్తే ప్రింటర్ ఆన్ చెయ్యి. ఒక్క నంబర్ కలవకపోయినా, అది ఎవరి చేతిలో ఉందో కనుక్కునేదాకా కుర్చీలోంచి లేవకు.

ఈ వీడియో మీ ఇంట్లోనో ఆఫీసులోనో చెక్కులు రాసేవాళ్లకి పంపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.