బరంపురం ఉక్కపోతలో పెద్దవాళ్లు

1998 వేసవిలో వడదెబ్బ ఒడిశాలో రెండు వేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ఆ దెబ్బతోనే ఎండలను కూడా తుపానులాంటి విపత్తుగా చూడటం అక్కడ మొదలైంది. ముందస్తు హెచ్చరికలు, చలివేంద్రాలు, పనివేళల మార్పులు వచ్చాయి.

అదే రాష్ట్రంలోని గంజాం జిల్లా చిక్కు వేరు. గోపాల్‌పూర్ తీరానికి దగ్గరున్న బరంపురంలో ఎండ పశ్చిమ ఒడిశాలోని టిట్లాగఢ్‌లో మండినంతగా మండదు. అయితే గాలిలో తేమ ఎక్కువ. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఉక్కపోతలో అది సరిగా ఆరదు.

దానికి తోడు, వయసు మీదపడితే దాహం ఆలస్యంగా తెలుస్తుంది. బీపీకి వాడే కొన్ని మాత్రలు మూత్రాన్ని పెంచి ఒంట్లో నీటిని తగ్గిస్తాయి. వాటిని సొంతంగా మానేయకూడదు, ఎండలు ముదరకముందే డాక్టరును అడగాలి.

తెలుగిళ్ల చద్దన్నం, ఒడియా ఇళ్ల పఖాళ రెండూ నీరున్న తిండే. మజ్జిగా మంచిదే. గుండె, కిడ్నీ జబ్బులుంటే మాత్రం ఉప్పూ నీళ్లూ డాక్టరు చెప్పిన మేరకే తీసుకోవాలి.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, స్పృహ తప్పినా 108కి ఫోన్ చేయాలి. అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి, ఒళ్లు తడిపి, గాలి విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు.