ఇంగ్లండ్‌లో ఇల్లు కొనే ముందు: మాటకు కాదు, రాతకే విలువ

“అబ్బా, ఇల్లు ఖాయమైంది. మేం చెప్పిన ధరకు వాళ్లు ఒప్పుకున్నారు.”

ఇంగ్లండ్‌లో స్థిరపడిన కుమారుడి నుంచి గుంటూరులోనో, కర్నూలులోనో, హైదరాబాదులోనో ఉన్న తండ్రికి ఇటువంటి ఫోను వస్తే ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. బయానా ఇచ్చి పుచ్చుకుంటే బేరం స్థిరపడినట్లే భావించే మనకు ఆ సంతోషం సహజమే. కాని ఇంగ్లండ్ చట్టం దృష్టిలో ఆ రోజున ఇంకా ఏ ఒప్పందమూ కుదరలేదు. మన కుటుంబాల నుంచి తరచుగా వినవచ్చే కొన్ని ప్రశ్నలకు సమాధానాలను ఇక్కడ పొందుపరుస్తున్నాం.

ధర ఒప్పుకున్నాక మాట మార్చవచ్చునా?

మార్చవచ్చు. 1989 నాటి చట్టం ప్రకారం స్థిరాస్తి విక్రయ ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండాలి, ఉభయుల సంతకాలూ ఉండాలి. సంతకాలు చేసిన ప్రతులను ఇరుపక్షాల న్యాయవాదులు మార్చుకోవడాన్ని ‘ఎక్స్ఛేంజ్’ అంటారు. ఆ ఘడియ వరకు అమ్మేవారు ఎక్కువ ధర ఇచ్చేవారి వైపు మొగ్గవచ్చు, కొనేవారు తప్పుకోవచ్చు. చట్టం అనుమతించినంత మాత్రాన మాట తప్పడం విశ్వాసికి తగదు. అయితే ఎదుటివారు తప్పితే నిలదీసే హక్కు మనకు లేదని తెలిసి ఉండటం అవసరం.

ఎక్స్ఛేంజ్ సమయంలో కొనుగోలుదారు సాధారణంగా ధరలో 10 శాతం చెల్లిస్తారు. ఆ తర్వాత వెనక్కు తగ్గితే ఆ సొమ్ము పోతుంది. మిగతా పైకం చెల్లించి తాళాలు అందుకునే రోజును ‘కంప్లీషన్’ అంటారు. కనుక ఎక్స్ఛేంజ్ కాకముందే అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని నోటీసు ఇవ్వకూడదు. స్కాట్లాండ్‌లో పద్ధతి వేరు. ఇక్కడ చెప్పేది ఇంగ్లండ్ గురించే.

లోపాలను ఎవరు కనిపెట్టాలి?

కొనేవారే. పత్రాల పరిశీలనకు సొలిసిటర్‌ను గాని, లైసెన్సు పొందిన కన్వేయన్సర్‌ను గాని నియమించుకోవాలి. వారు ల్యాండ్ రిజిస్ట్రీలో హక్కు వివరాలను, స్థానిక కౌన్సిల్‌లో రోడ్లు, అనుమతుల వివరాలను, మురుగునీటి వ్యవస్థను విచారిస్తారు. గోడల బీటలు, తేమ, పైకప్పు వారి పని కాదు. వాటికి సర్వేయర్ కావాలి. బ్యాంకు జరిపించే విలువ నిర్ధారణ బ్యాంకు భద్రత కోసమే. దానిని ఇంటి తనిఖీగా భ్రమించరాదు.

అమ్మేవారు పూరించే సమాచార పత్రంలో పొరుగువారితో వివాదాలు, వరదలు, చేసిన మరమ్మతుల గురించి ప్రశ్నలుంటాయి. అక్కడ అబద్ధం రాస్తే 1967 నాటి చట్టం కింద నష్టపరిహారం చెల్లించవలసి రావచ్చు. లోపాన్ని దాచి అమ్మడం మన ధర్మంలోనూ నిషిద్ధమే.

ఫ్లాట్లు ఎక్కువగా లీజ్‌హోల్డ్ పద్ధతిలో ఉంటాయి. అంటే భూమి మరొకరిది, మనకున్నది నిర్ణీత సంవత్సరాల హక్కు మాత్రమే. 80 సంవత్సరాల కన్న తక్కువ మిగిలి ఉంటే లీజు పొడిగింపు భారమవుతుంది, అమ్మడమూ కష్టమవుతుంది.

స్వదేశంలోని ఇల్లు అక్కడి పన్నును పెంచుతుందా?

పెంచుతుంది. చాలామంది గ్రహించని విషయమిది. 2025 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న రేట్ల ప్రకారం 3,00,000 పౌండ్ల ఇంటిని తొలిసారి కొనేవారికి స్టాంపు సుంకం లేదు. ఇదివరకు సొంత ఇల్లు ఉండి, ఇప్పుడు లేనివారికి 5,000 పౌండ్లు. మరో ఇల్లు ఉండగానే కొనేవారికి 5 శాతం అదనపు సుంకం కలిపి 20,000 పౌండ్లు. ఆ ‘మరో ఇల్లు’ ప్రపంచంలో ఎక్కడున్నా లెక్కలోకి వస్తుంది.

తొలి కొనుగోలుదారు రాయితీ కోరేవారు ఎన్నడూ, ఏ దేశంలోనూ ఇంటి యజమాని అయి ఉండకూడదు. వారసత్వంగా వచ్చిన ఇల్లు కూడా ఇందులోకి వస్తుంది. అదనపు సుంకం విషయంలో ఇంటిలో మీ వాటా విలువ 40,000 పౌండ్లు దాటిందా లేదా అన్నది చూస్తారు. కలిసి జీవించే భార్యాభర్తల్లో ఒకరి ఆస్తిని ఇద్దరికీ లెక్కిస్తారు. గత 3 సంవత్సరాల్లో వారసత్వంగా వచ్చిన, సగానికి మించని వాటాకు మినహాయింపు ఉంది.

ఇక్కడొక మెలిక ఉంది. మన దేశంలో అమలయ్యే ముస్లిం పర్సనల్ లా ప్రకారం తండ్రి కన్నుమూసిన క్షణంలోనే వారసులకు వాటాలు సంక్రమిస్తాయి. “పంపకాలు కాలేదు, పట్టా నా పేర లేదు, కాబట్టి నాకు ఇల్లు లేదు” అనే సమాధానం చెల్లకపోవచ్చు. సంగతి దాచకుండా సొలిసిటర్‌కు ముందే తెలియజేయాలి. సుంకం లెక్క కంప్లీషన్ జరిగిన 14 రోజుల్లో సమర్పించవలసి ఉంటుంది.

తల్లిదండ్రులు డబ్బు పంపవచ్చునా?

పంపవచ్చు. భారతదేశంలో నివసించే వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు బ్యాంకు ద్వారా విదేశాలకు పంపేందుకు రిజర్వు బ్యాంకు అనుమతిస్తోంది. ఆ పైకం ఎలా వచ్చిందో ఆధారాలు చూపమని సొలిసిటర్ అడుగుతారు. అది అనుమానం కాదు, చట్టం వారిపై మోపిన బాధ్యత. హవాలా ద్వారా చేరిన సొమ్ముకు ఆధారం చూపలేక కొనుగోలే ఆగిపోవచ్చు.

అంతకన్న ముఖ్యం, ఆ పైకం హిబానా, ఖర్జె హసనానా, ఇంట్లో వాటానా అన్నది కాగితం మీద ఉండాలి. తండ్రి మనసులో వాటా, కొడుకు మనసులో కానుక అయితే రేపు అన్నదమ్ముల మధ్య తగువు తప్పదు.

వడ్డీ లేకుండా కొనే మార్గం ఉందా?

ఉంది. బ్యాంకు, కొనుగోలుదారు కలిసి ఇంటిని కొంటారు. బ్యాంకు వాటాకు అద్దె చెల్లిస్తూ, ఆ వాటాను క్రమంగా కొనుక్కుంటూ పోతారు. దీనినే తరిగే ముషారకా అంటారు. పూర్వం ఇటువంటి ఏర్పాట్లలో ఇల్లు రెండుసార్లు చేతులు మారినట్లు లెక్కించి స్టాంపు సుంకాన్ని రెండుసార్లు విధించేవారు. 2003లో మొదలైన చట్ట సవరణలు ఆ భారాన్ని తొలగించాయి. అయినా అద్దె పెరగవచ్చు, బకాయి పడితే ఇల్లు పోవచ్చు. ఒప్పందాన్ని ఒక ఆలిమ్‌కూ, ఒక న్యాయవాదికీ కూడా చూపించడం మేలు.

ఇంటిని ఎవరి పేరున, ఎలా రాయించాలి?

భార్యాభర్తలు కలిసి కొనేటప్పుడు ‘జాయింట్ టెనెంట్సా, టెనెంట్స్ ఇన్ కామనా’ అని అడుగుతారు. ఇక్కడ టెనెంట్ అంటే కిరాయిదారు కాదు, సహ యజమాని. మొదటి పద్ధతిలో ఒకరు మరణిస్తే ఇల్లంతా రెండవవారికే చెందుతుంది. వీలునామా కూడా దానిని ఆపలేదు. రెండవ పద్ధతిలో ఎవరి వాటా వారిది. దానిని వీలునామా ద్వారా పంచవచ్చు.

ఒక ఉదాహరణ చూడండి. భార్యను, పిల్లలను, స్వదేశంలో ఉన్న తల్లిని వదిలి ఒక వ్యక్తి మరణించాడు. షరీఅత్ ప్రకారం అతని ఆస్తిలో తల్లికి ఆరవ వంతు, భార్యకు ఎనిమిదవ వంతు, మిగిలినది పిల్లలకు చెందాలి. ఇల్లు జాయింట్ టెనెన్సీలో ఉంటే తల్లికి, పిల్లలకు అందులో ఏమీ రాదు. వాటాలు వేరుగా ఉండి వీలునామా లేకపోతే ఇంగ్లండ్ చట్టం మొదటి 3,22,000 పౌండ్లను, మిగిలినదానిలో సగాన్ని భార్యకు, మిగతా సగాన్ని పిల్లలకు ఇస్తుంది. అప్పుడూ తల్లికి ఏమీ దక్కదు.

కనుక షరీఅత్ ప్రకారం పంపకం జరగాలని కోరేవారు టెనెంట్స్ ఇన్ కామన్‌గా నమోదై, ఇద్దరు సాక్షుల సమక్షంలో వీలునామా రాయాలి. అందులో లబ్ధి పొందేవారు గాని, వారి భార్య లేదా భర్త గాని సాక్షి సంతకం చేస్తే ఆ లబ్ధి చెల్లదు.

భార్య హక్కుల విషయంలో మరొక హెచ్చరిక. భారతదేశంలో చట్టబద్ధంగా జరిగిన నికాహ్‌ను ఇంగ్లండ్ గుర్తిస్తుంది. కాని ఇంగ్లండ్‌లోనే, అక్కడి చట్టం ప్రకారం నమోదు కాకుండా కేవలం నికాహ్ మాత్రమే జరిగితే, న్యాయస్థానం ఆమెను చట్టరీత్యా భార్యగా పరిగణించదు. 2020లో అప్పీలు న్యాయస్థానం ఇదే స్పష్టం చేసింది. అటువంటి స్త్రీకి పైన చెప్పిన వారసత్వ హక్కు లభించదు. అల్లుడు ఇంగ్లండ్‌లో ఇల్లు కొంటున్నాడంటే, వివాహం నమోదయిందా అని అమ్మాయి తల్లిదండ్రులు తప్పక విచారించాలి.

అప్పు వ్యవహారాలను రాసి పెట్టుకోవాలని, సాక్షులను ఉంచుకోవాలని బోధించే అల్ బఖరా సూరాలోని 282వ ఆయత్ దివ్య ఖుర్‌ఆన్‌లోని ఆయత్‌లన్నింటిలోకీ పొడవైనది. రాతను అవిశ్వాసానికి గుర్తుగా భావించే అలవాటు మనలో ఇంకా ఉంది. “అన్నదమ్ముల మధ్య కాగితాలెందుకు?” అంటాం. ఇంగ్లండ్‌లో ఇంటి విషయంలో ఆ కాగితమే తల్లి హక్కును, భార్య హక్కును, తమ్ముడి సొమ్మును కాపాడుతుంది. ఈసారి “ఇల్లు ఖాయమైంది” అని ఫోను వచ్చినప్పుడు ముబారక్ చెప్పండి. వెంటనే, పేర్లు ఎలా రాయిస్తున్నారో కూడా అడగండి.