గాలిని త్రోయు యంత్రము

పిస్టను ఇంజనుతో ప్రొపెల్లరును త్రిప్పుకొని ఎగురు విమానమునకు ఎత్తునందును వేగమునందును ఒక హద్దు కలదనియు, పైకి పోయినకొలది గాలి పలుచనై ఇంజను శక్తి సన్నగిల్లుటయు, వేగము హెచ్చినకొలది ప్రొపెల్లరు కొనలు ధ్వనివేగమును సమీపించి వృథాగా గాలిని కలచుటయు అందులకు హేతువులనియు 1920ల చివరనే ఎరిగిన బ్రిటిష్ వైమానికదళ యువకుడు ఫ్రాంక్ విటిల్. గాలిని పీల్చి నొక్కి, అందు ఇంధనమును మండించి, ఆ వేడివాయువులచే టర్బైనును, టర్బైనుచే ముందరి కంప్రెసరును త్రిప్పించి, మిగిలిన వాయువును వెనుకకు ధారగా చిమ్మిన విమానము ముందునకు సాగునని ఆతని ఊహ. 1930లో పేటెంటుకై దరఖాస్తు చేసెను. 1935లో పునరుద్ధరణకు 5 పౌనుల రుసుము తనకు భారమై, ప్రభుత్వము కూడ చెల్లింపనొల్లకపోవుటచే, ఆ హక్కు జారిపోయెను. ఈ సంగతి తలచినపుడెల్ల మనస్సు చివుక్కుమనును.

1937 ఏప్రిల్ 12న రగ్బీ పట్టణపు కర్మాగారమున తొలి యంత్రము నడిచినది. విటిల్ ఇంధనపు కవాటమును తెరచినంతనే చక్రము అదుపుతప్పి, కీచుమని అరచుచు వేగము పెంచుకొనసాగెను. కవాటమును మూసినను ఆగలేదు. చుట్టునున్నవారు పరుగు లంకించుకొనిరి. ఆతడు మాత్రము చోటు విడువలేదు. ముందుగానే కారి లోపల నిలిచిన ఇంధనము మండుటచే ఆ విజృంభణము కలిగెనని పిదప తేలినది.

జర్మనీలో హాన్స్ ఫన్ ఓహైన్ స్వతంత్రముగా ఇదే త్రోవ త్రొక్కగా, ఆయన ఇంజనుతో 1939 ఆగస్టు 27న హైన్కెల్ విమానమును, విటిల్ ఇంజనుతో 1941 మే 15న గ్లోస్టర్ విమానమును ఎగిరెను. 1952 మే 2న ఇట్టి జెట్టు ఇంజనులు గల కామెట్ విమానము ప్రయాణికులతో లండను నుండి జొహానెస్‌బర్గునకు బయలుదేరినది.

అయితే ఆ తొలి జెట్టు ఇంజనులు ఇంధనమును విపరీతముగా త్రాగెడివి. కొద్దిపాటి గాలిని మహావేగమున చిమ్ముటకంటె విస్తారమైన గాలిని మెల్లగా త్రోసిన, అంతే బలము తక్కువ శక్తితో లభించును. ఏలయన బలము వేగమును బట్టియు, వ్యయమగు శక్తి వేగవర్గమును బట్టియు పెరుగును. కనుకనే ముందు పెద్ద ఫ్యాను నమర్చి, అధికభాగము గాలిని కొలిమిలోనికి పోనీక ప్రక్కలనుండి సాగనంపిరి. 1970లో ప్రయాణికుల సేవకు వచ్చిన బోయింగ్ 747 ఇంజనులలో ప్రక్కనుండి పోవు గాలి, లోనికి పోవుదానికి ఇంచుమించు ఐదింతలు.

లోని టర్బైను రెక్క కథ మరింత అద్భుతము. నేటి ఇంజనులలో దానిని తాకు వాయువు ఆ లోహము కరుగు వేడిమిని మించియుండును; బోలురెక్కకు సన్నని రంధ్రములు తొలిచి, వాటినుండి కొంత చల్లని గాలిని వెలువరించి, పైన పలుచని పొరగా కప్పుదురు. ఆ రెక్కను పోతపోయునపుడు గట్టిపడుచున్న లోహము మెలికలు తిరిగిన ఇరుకుదారిగుండ పైకి రావలెను. పెక్కు స్ఫటికములు బయలుదేరినను ఒక్కటియే దాటివచ్చి అచ్చునంతయు నిండును. స్ఫటికముల నడుమ అతుకులు లేనందున, ఆ రెక్క తీవ్రోష్ణమునందు నిరంతరము లాగబడుచున్నను సులభముగా సాగదు.